మన సంస్థ పేజీలో జనం ఎందుకు మాట్లాడట్లేదు, మాట్లాడించాలంటే ఏం చేయాలి

ఏ స్వచ్ఛంద సంస్థ పేజీ తెరిచినా దాదాపు ఒకేలా ఉంటుంది. స్టేజీ మీద వరసగా నిలబడ్డ ఫోటో, ఫలానా దినోత్సవ శుభాకాంక్షలు అని ఒక పోస్టర్, మీటింగ్ హాల్లో వెనక నుంచి తీసిన ఇంకో ఫోటో, కింద ఓ పది లైకులు, ఆ పదీ సంస్థలో పనిచేసేవాళ్ళవే. పని చూస్తే బయట నిజంగా జరుగుతూనే ఉంటుంది, పిల్లలు చదువుకుంటున్నారు, మందులు అందుతున్నాయి, మొక్కలు పెరుగుతున్నాయి, కానీ పేజీలో మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. ఇదేంటి అని అడిగితే "ఈ రోజుల్లో జనానికి ఇలాంటివి ఎక్కడ పడతాయండీ" అంటారు. ఈ మాట నేను అస్సలు ఒప్పుకోను. జనానికి పట్టక కాదు, వాళ్ళు చేయడానికి మనం ఏమీ ఇవ్వలేదు, ధైర్యం చేసి ఎవరో ఒకరు ఏదో రాస్తే మనం పలకలేదు, అందుకని ఊరుకున్నారు, అంతే. ఈ రెండూ సరిచేసుకుంటే చాలావరకు దారిలో పడుతుంది, దానికి పెద్ద టీమ్ అక్కర్లేదు, ఖరీదైన కెమెరా అసలే అక్కర్లేదు.

ఒక విషయం ముందే తెలిస్తే నిరాశ తగ్గుతుంది. జనం వెబ్‌సైట్లు ఎలా వాడతారో ఏళ్ళ తరబడి పరిశీలించిన జాకోబ్ నీల్సన్ 2006లో ఒక లెక్క రాశారు, ఆన్‌లైన్‌లో ఎక్కడ గుంపు కూడినా సుమారు 90 శాతం మంది చూసి వెళ్ళిపోతారు, 9 శాతం మంది అప్పుడప్పుడు ఏదో ఒకటి రాస్తారు, ఎక్కువ భాగం రాసేది ఆ మిగిలిన 1 శాతమే అని. అన్నిచోట్లా అచ్చం ఇలాగే ఉంటుందని కాదు, ఉజ్జాయింపు లెక్క ఇది. అంటే మీ పేజీని వెయ్యి మంది చూస్తుంటే అందులో 900 మంది నోరు మెదపకపోవడం మామూలే, వాళ్ళకి మన మీద కోపం లేదు, మన పని నచ్చక కాదు. మనం చేయాల్సిందల్లా ఆ 900 మందిలో ఓ పది మందిని ఒక్క మెట్టు ముందుకు తేవడం, చూసేవాళ్ళు ఒక మాట రాసేలా, మాట రాసేవాళ్ళు ఒక చిన్న పని చేసేలా, పని చేసినవాళ్ళు తమకి తెలిసినవాళ్ళని వెంటబెట్టుకొచ్చేలా.

ముందు రాయకండి, వినండి

అకౌంట్ తెరిచిన రోజే పోస్టు పెట్టేయాలనిపిస్తుంది. ఓ రెండు వారాలు ఆగండి. మీరు చేసే పని గురించి జనం ఎక్కడెక్కడ మాట్లాడుకుంటున్నారో వెతకండి. మీది మూగజీవాల కోసం పనిచేసే సంస్థ అనుకోండి, "రోడ్డు మీద కుక్కపిల్లకి దెబ్బ తగిలింది, కుంటుతోంది, ఎవరికి ఫోన్ చేయాలి" అని ఏదో ఒక గ్రూపులో రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, కింద నలుగురు నాలుగు రకాలుగా చెప్తుంటారు, అందులో సగం తప్పులు. ఇలాంటి ప్రశ్నలు కనిపించినవి కనిపించినట్టు, వాళ్ళు ఎలా అడిగారో అలాగే ఒక నోట్స్‌లో రాసుకోండి. మీ మొదటి నెల పోస్టులన్నీ అందులోనే ఉన్నాయి. దానికంటే ముఖ్యం, ఆ ప్రశ్న కిందే వెళ్ళి మీకు తెలిసిన సమాధానం రాయండి, మా పేజీ ఫాలో అవ్వండి అని తోక తగిలించకుండా. ఉపయోగపడే మాట చెప్పినవాళ్ళెవరా అని జనమే పేరు నొక్కి చూసుకుంటారు.

ఎక్కడ ఉండాలి

అన్నిచోట్లా ఉండాలనుకుంటే ఎక్కడా ఉండలేరు. మీరు ఎవరికోసం పనిచేస్తున్నారో, ఎవరి సాయం కావాలో వాళ్ళు ఇప్పటికే రోజూ ఎక్కడ ఉంటున్నారో అక్కడ ఒక్కచోట మొదలుపెట్టండి. కాలేజీ పిల్లలు వాలంటీర్లుగా కావాలంటే ఇన్‌స్టాగ్రామ్, కాస్త పెద్దవాళ్ళతో పని అంటే ఫేస్‌బుక్, వాట్సాప్, ఏదైనా నేర్పించే వీడియోలు చేయగలిగితే యూట్యూబ్. రెండోది మొదలుపెట్టేది మొదటిదాంట్లో వచ్చే మెసేజ్‌లకి టైమ్‌కి జవాబులు ఇవ్వగలుగుతున్నప్పుడే.

కొన్ని సాంకేతిక విషయాలు మొదట్లోనే సరిగ్గా పెట్టుకోవాలి, తర్వాత మార్చడం తలనొప్పి. ఫేస్‌బుక్‌లో సంస్థ పేరుతో మామూలు ప్రొఫైల్ తెరిచేసేవాళ్ళు చాలామంది ఉంటారు, అది వాళ్ళ రూల్స్‌కి విరుద్ధం, ఏ రోజైనా మూసేయొచ్చు, పైగా 5,000 మంది ఫ్రెండ్స్ దాటితే ఇంకెవరినీ చేర్చుకోలేరు. సంస్థకి పేజీ తెరవాలి, పేజీ అయితే నలుగురికి వేరువేరుగా యాక్సెస్ ఇవ్వొచ్చు, ఒకళ్ళ పాస్‌వర్డ్ ఇంకొకళ్ళకి చెప్పే పనే ఉండదు. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు, లింకు బయోలో, అంటే ప్రొఫైల్ పైన మన గురించి రాసుకునే చోట పెట్టాలి లేదా స్టోరీలో లింక్ స్టిక్కర్ వాడాలి, అయినా సరే ఎన్ని సంస్థలు ఇంత పొడుగు లింకు క్యాప్షన్‌లో అతికిస్తాయో చెప్పలేను.

వాట్సాప్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. గ్రూపులో ఒకరి నంబర్ మిగతావాళ్ళందరికీ కనిపిస్తుంది. మీరు ఏదైనా జబ్బుతో బాధపడేవాళ్ళకో, ఇంట్లో హింస నుంచి బయటపడ్డ ఆడవాళ్ళకో సాయం చేసే సంస్థ అయితే వాళ్ళని అడక్కుండా ఒక గ్రూపులో వేయడం అంటే వాళ్ళ గుట్టు వందమంది ముందు పెట్టినట్టే. సమాచారం పంపడానికి మాత్రమే అయితే ఛానెల్ వాడండి, అందులో ఫాలో అయ్యేవాళ్ళ నంబర్లు మిగతా ఫాలోవర్లకి కనిపించవు. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ కూడా ఉంది గానీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది, కాబట్టి ముందు "మా నంబర్ సేవ్ చేసుకోండి" అని చెప్పాలి.

పోస్టు రాసేటప్పుడు

ఇక్కడ కాస్త ఆగి వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పిల్లల కోసం చదువుల గది నడిపే ఒక సంస్థ ఉందనుకుందాం. వాళ్ళు మామూలుగా పెట్టే పోస్టు ఇలా ఉంటుంది:

"మా సంస్థ ఆధ్వర్యంలో బాలల పఠనాభివృద్ధి కార్యక్రమం ఘనంగా నిర్వహించబడినది. ఈ కార్యక్రమంలో పలువురు ప్రముఖులు పాల్గొని ప్రసంగించారు. సహకరించిన దాతలందరికీ కృతజ్ఞతలు తెలియజేస్తున్నాము."

ఇది చదివినవాళ్ళు ఏం చేయాలి? ఏమీ లేదు. అంతా అయిపోయింది, ప్రముఖులు వెళ్ళిపోయారు. మహా అయితే ఒక దండం ఎమోజీ పెట్టి ముందుకెళ్తారు. అదే విషయం ఇలా రాసి చూడండి:

"మా చదువుల గదిలో బొమ్మల పుస్తకాలు బాగా నలిగిపోయాయి. నిన్న ఒక పాప ఏనుగు కథ పట్టుకొచ్చి చివరి పేజీ ఏదీ అని అడిగింది, అది ఎప్పుడో ఊడిపోయింది, అందుకని మిగతా కథ తనే చెప్పేసింది, ఏనుగు ఇంటికెళ్ళి వాళ్ళమ్మ పక్కన పడుకుందట. మీ చిన్నప్పుడు మీకు బాగా నచ్చిన బొమ్మల పుస్తకం ఏంటి? కింద రాయండి, ఆ పేర్లతోనే మేం లిస్టు తయారు చేసుకుంటాం. ఇంట్లో అలాంటివి ఉండి ఇవ్వాలనుకుంటే ఇన్‌బాక్స్‌లో ఒక మెసేజ్ పెట్టండి, శనివారం మా వాలంటీర్ వచ్చి తీసుకెళ్తారు."

తేడా ఎక్కడుందో చూడండి. పాప పేరు లేదు, ఫోటో అక్కర్లేదు, అయినా మనిషి కళ్ళముందు కనిపిస్తోంది. అవసరం ఏంటో మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. ఇవ్వడానికి ఏమీ లేనివాళ్ళు కూడా జవాబు చెప్పగలిగే ప్రశ్న ఒకటుంది, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే మొదటిసారి మాట్లాడేవాళ్ళకి మొహమాటం ఉంటుంది, తప్పయ్యే అవకాశం లేని ప్రశ్న అయితేనే నోరు విప్పుతారు. ఇవ్వగలిగినవాళ్ళకి దారి చెప్పాం, ఏ రోజు ఎవరు వస్తారో కూడా చెప్పాం.

ఈ పోస్టు ఇక్కడితో అయిపోదు. వారం తర్వాత ఆ లిస్టు పెట్టాలి, ఏ పుస్తకం ఎవరు చెప్పారో రాసి, వాళ్ళకి అభ్యంతరం లేకపోతే వాళ్ళని ట్యాగ్ చేసి. తను చెప్పిన పుస్తకం పేరు లిస్టులో చూసుకున్న మనిషి ఆ పోస్టు తప్పకుండా నలుగురికి చూపిస్తారు.

ఇంకో మాట, పోస్టర్ల గురించి. తేదీ, టైమ్, చోటు, ఫోన్ నంబర్ అన్నీ ఒక బొమ్మలో ఇరికించి క్యాప్షన్‌లో "అందరూ ఆహ్వానితులే" అని వదిలేస్తారు. బొమ్మలో ఉన్న నంబర్ వేలితో నొక్కి ఫోన్ చేయడం అందరికీ కుదరదు, రేపు ఎవరైనా వెతికితే ఆ వివరాలు దొరుకుతాయన్న నమ్మకం లేదు, చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్ బొమ్మలోని అక్షరాల్ని సరిగ్గా చదవలేదు. కాబట్టి బొమ్మ పెట్టినా వివరాలన్నీ కింద అక్షరాల్లో కూడా రాయండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ (ఒకప్పటి ట్విట్టర్) మూడింట్లోనూ ఫోటోకి ఆల్ట్ టెక్స్ట్ రాసే వీలుంది, ఫోటోలో ఏముందో అక్కడ ఒక్క వాక్యం రాస్తే చాలు. వీడియోకి కింద సబ్‌టైటిల్స్ వేయండి, చెవులు వినపడనివాళ్ళకే కాదు, బస్సులో సౌండ్ ఆపేసి చూసేవాళ్ళకి కూడా అవే దిక్కు. తెలుగులో హ్యాష్‌ట్యాగ్ పెడితే మాటల మధ్య ఖాళీ వదలకండి, ఖాళీ దగ్గరే అది తెగిపోతుంది, అండర్‌స్కోర్ పెట్టండి.

అడగందే అమ్మైనా పెట్టదు

జనాన్ని కదిలించాలంటే అడగాలి, అడిగేది చిన్నదై ఉండాలి, ఎవరిని అడుగుతున్నామో వాళ్ళకి తెలియాలి. "అందరూ సహకరించగలరు" అంటే ఎవరూ సహకరించరు, అది తన గురించే అని ఎవరికీ అనిపించదు.

2014లో ఐస్ బకెట్ ఛాలెంజ్ గుర్తుండే ఉంటుంది, నెత్తి మీద ఐస్ నీళ్ళు పోసుకుని వీడియో పెట్టి ఇంకో ముగ్గురి పేర్లు చెప్పి 24 గంటలు టైమ్ ఇవ్వడం. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు గురించి అది. ఫేస్‌బుక్‌లోనే కోటి 70 లక్షల మంది వీడియోలు పెట్టారు, అమెరికాలోని ఏఎల్ఎస్ అసోసియేషన్‌కి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. దీన్ని ఏదో అదృష్టం కొద్దీ వైరల్ అయిందని కొట్టిపారేస్తారు గానీ లోపల ఏముందో విడదీసి చూడండి. చేయాల్సిన పని ఒక నిమిషంలో అయిపోయేది, ఎవరైనా చేయగలిగేది. పేరు పెట్టి పిలిచారు, కాబట్టి తప్పించుకోలేరు. గడువు ఉంది, కాబట్టి రేపు చూద్దాంలే అనుకోలేరు. అన్నిటికంటే నాకు నచ్చేది, దాన్ని అసోసియేషన్ ఆఫీసులో కూర్చుని ఎవరూ ప్లాన్ చేయలేదు, ఆ జబ్బుతో ఉన్న పీట్ ఫ్రేట్స్, పాట్ క్విన్ లాంటి వాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు, స్నేహితులు దాన్ని ఊరంతా తిప్పారు. సంస్థ చేసిన మంచి పని అడ్డం రాకపోవడం, వచ్చిన డబ్బు దేనికి వాడారో చెప్తూ ఉండటం. ఆ డబ్బు సాయంతో జరిగిన పరిశోధనలో ఎన్ఈకే1 అనే జన్యువుకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని 2016లో తేలింది, అది కూడా జనానికి చెప్పారు.

మీ దగ్గర అంత పెద్దది జరగాలని లేదు, జరగకపోయినా నష్టం లేదు. మీ వాళ్ళు ఎవరైనా సొంతంగా ఏదో మొదలుపెడితే, పుట్టినరోజుకి గిఫ్టులు వద్దు ఫలానా సంస్థకి ఇవ్వండి అని పోస్టు పెట్టినా సరే, లోగో సరిగ్గా లేదు, మమ్మల్ని అడగలేదు అని వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లకండి. ఫోన్ చేసి థాంక్స్ చెప్పి, సరైన లింకు ఇచ్చి, ఇంకేం కావాలి అని అడగండి. ఏదైనా తేదీ చూసుకుని చేద్దామనుకుంటే గివింగ్ ట్యూస్‌డే లాంటివి ఉన్నాయి, అందరూ ఎవరికి తోచింది వాళ్ళు ఇచ్చే రోజు అది, న్యూయార్క్‌లో 2012లో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో చేస్తున్నారు, చిన్న సంస్థ అయినా కలవొచ్చు.

చిన్న పని అంటే ఎలాంటివి? ఈ రెండు పేర్లలో ఏది బాగుందో చెప్పండి. ఈ ఫోటోకి క్యాప్షన్ రాయండి. మీకు తెలిసిన టీచర్ ఒకరిని ట్యాగ్ చేయండి. ఈ పాంప్లెట్‌లో అచ్చుతప్పులు ఉంటే పట్టుకోండి. ఇది నిజంగా పనిచేస్తుంది, తప్పులు పట్టుకోవడంలో జనానికి ఉండే శ్రద్ధ ఇంక దేంట్లోనూ ఉండదు, వాళ్ళు పట్టుకున్నవి దిద్ది మళ్ళీ పెట్టి వాళ్ళ పేరు రాస్తే ఆ పాంప్లెట్ వాళ్ళదైపోతుంది.

రిప్లై, రిప్లై, రిప్లై

ఇంతదాకా చెప్పినవన్నీ మర్చిపోయినా ఇదొక్కటి చేయండి. జనాన్ని మాట్లాడమని పిలిచి కామెంట్లకి జవాబు ఇవ్వకపోవడం అంటే మనింటికి రమ్మని పిలిచి తలుపు తీయకపోవడమే, రెండోసారి ఎవరూ రారు. మొదటి కామెంట్ పెట్టిన మనిషికి ఆ రోజే, కుదిరితే గంటలోపే జవాబు వెళ్ళాలి. అందరికీ ఒకే "ధన్యవాదములు" అతికించకండి, దానికంటే ఊరుకోవడం మేలు. వాళ్ళు రాసిన దాంట్లో ఒక ముక్క పట్టుకుని ఇంకో ప్రశ్న అడగండి.

ఉదాహరణకి ఎవరో "నాకూ రావాలని ఉంది కానీ టైమ్ కుదరట్లేదు" అని రాశారు. ఎక్కువమంది దీనికి ఒక లైక్ కొట్టి వదిలేస్తారు. నా దృష్టిలో పేజీ మొత్తం మీద అన్నిటికంటే విలువైన కామెంట్ ఇది. ఆ మనిషికి మనసుంది, దారి లేదు. ఇలా రాయండి: "పర్లేదండీ, ఇంట్లో కూర్చుని చేసేవి కూడా ఉన్నాయి. ఐదు నిమిషాల కథ ఒకటి చదివి ఫోన్‌లో రికార్డ్ చేసి పంపగలరా? పిల్లలు చదువుల గదిలో వింటారు. ఏ కథ, ఎలా పంపాలి అనేది ఇన్‌బాక్స్‌లో చెప్తాను." ఇప్పుడు ఆ కామెంట్ చదివే మిగతా టైమ్ లేనివాళ్ళందరికీ కూడా సంగతి తెలిసింది.

తిట్టేవాళ్ళూ, నిలదీసేవాళ్ళూ ఒకటి కాదు. "పోయినసారి వసూలు చేసిన డబ్బులు ఏమయ్యాయి" అని ఎవరైనా అడిగితే డిలీట్ నొక్కకండి, చచ్చినా నొక్కకండి. డిలీట్ చేసిన కామెంట్ స్క్రీన్‌షాట్ అయి ఇంకో పది గ్రూపుల్లో తేలుతుంది. అందరికీ కనపడేలాగే జవాబివ్వండి: "అడిగినందుకు థాంక్సండీ. పోయినసారి వచ్చిన డబ్బుతో పుస్తకాల అల్మరాలు, రెండు ఫ్యాన్లు కొన్నాం, బిల్లుల ఫోటోలు ఇక్కడే కింద పెడుతున్నాం. చూశాక ఇంకేమైనా సందేహం ఉంటే ఇక్కడే అడగండి." అడిగిన మనిషి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పక్కన నిలబడి చూస్తున్న వందమందికి నమ్మకం కుదురుతుంది, నిజానికి మనం రాసేది వాళ్ళకోసమే.

తీసేయాల్సినవి కూడా ఉంటాయి, బూతులు, ఒకరి కులాన్నో మతాన్నో ఎత్తి చూపే మాటలు, ఎవరిదైనా ఫోన్ నంబర్, అడ్రస్. విరాళాల పోస్టుల కింద దొంగ అకౌంట్లు వచ్చి "డబ్బులు ఈ నంబర్‌కి పంపండి" అని రాస్తుంటాయి, అవి కనిపించిన క్షణమే తీసి రిపోర్ట్ కొట్టాలి. ఏవి తీసేస్తామో నాలుగు వాక్యాల్లో రాసి పేజీ పైన పిన్ చేసి పెట్టుకుంటే తర్వాత మా కామెంట్ ఎందుకు తీశారు అన్న గొడవ ఉండదు.

ముందు మనవాళ్ళు మాట్లాడాలి

బయటివాళ్ళ సంగతి సరే, సంస్థలో పనిచేసేవాళ్ళే పేజీ జోలికి రారు చాలాచోట్ల. ఎందుకంటే భయం. ఏం రాస్తే ఏం అంటారో, పైవాళ్ళు కోప్పడతారేమో, భాష బాగాలేదని నవ్వుతారేమో అని. "మీరందరూ మన పోస్టులు షేర్ చేయాలి" అని మీటింగ్‌లో ఆర్డర్ వేస్తే మొక్కుబడిగా నొక్కుతారు గానీ ఆ షేర్‌లో ప్రాణం ఉండదు. దానికి బదులు ఒక కాగితం మీద రాసివ్వండి, ఏది నిరభ్యంతరంగా చెప్పొచ్చు, ఏది ఎవరినైనా అడిగి చెప్పాలి, ఏది ఎప్పటికీ చెప్పకూడదు, సందేహం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. అంతే, పేజీ దాటకూడదు. హద్దు ఎక్కడో తెలిస్తేనే మనిషి ధైర్యంగా నడుస్తాడు.

ఫీల్డ్‌లో తిరిగే ఆవిడకి రాయడం ఇబ్బంది అయితే వాయిస్ మెసేజ్ పంపమనండి, "ఈ రోజు ఏం చూశావమ్మా" అని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది, దాన్ని ఆఫీసులో ఎవరైనా ఆవిడ మాటల్లోనే టైప్ చేసి ఆవిడకి వినిపించి పెట్టొచ్చు. పెద్ద పదాలు దూర్చి ఆ మాటని పాడుచేయొద్దు. ఆవిడ పేరుతో పెట్టడం ఇష్టమేనా అని అడగండి, ఇష్టమైతే పెట్టండి, ఊళ్ళో నలుగురూ నీ గురించి చదివాం అంటే ఆ సంతోషం వేరే.

ఫోటో తీసేముందు

సాయం తీసుకున్నారు కాబట్టి ఫోటో తీసే హక్కు మనకి రాదు. ఈ మాట కటువుగా ఉన్నా చెప్పాలి. దుప్పటి ఇస్తూ, అన్నం పెడుతూ, తలదించుకున్న మనిషి పక్కన నవ్వుతూ తీసుకున్న ఫోటోలు చూస్తే నాకు బాధేస్తుంది. ఆ మనిషి కూతురు రేపు కాలేజీలో ఉన్నప్పుడు ఆ ఫోటో తోటిపిల్లలు చూస్తే ఎలా ఉంటుంది అని ఒక్కసారి ఆలోచించండి. అడగాలి, ఎక్కడ పెడతామో చెప్పాలి, రాసిన క్యాప్షన్ చదివి వినిపించాలి, వద్దంటే సాయంలో ఏ తేడా ఉండదని ముందే చెప్పాలి, తర్వాత ఎప్పుడు వద్దన్నా తీసేయాలి. పిల్లల విషయంలో అమ్మానాన్నలు ఒప్పుకోవాలి, పిల్లలు కూడా ఒప్పుకోవాలి, అయినా సరే మొహం కనపడకుండా తీయగలిగితే అదే మంచిది, బొమ్మ గీస్తున్న చేతులు, వరసగా విడిచిన చెప్పులు, పుస్తకం మీద వంగిన తల. వెనకాల స్కూల్ బోర్డు, ఇంటి నంబర్, యూనిఫామ్ మీద బ్యాడ్జి పడ్డాయేమో జూమ్ చేసి చూసి పెట్టండి.

పాస్‌వర్డ్‌లూ, పొరపాట్లూ

పేజీ తెరిచిన వాలంటీర్ ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు, పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంది, ఫోన్ నంబర్ మారిపోయింది, ఇప్పుడు ఇన్నేళ్ళ పేజీ ఎవరి చేతిలోనూ లేదు. ఈ కథ సంస్థ తర్వాత సంస్థలో జరుగుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోకుండా ఇప్పుడే చూసుకోండి, పూర్తి యాక్సెస్ కనీసం ఇద్దరికి ఉండాలి, అకౌంట్‌కి ఇచ్చిన ఈమెయిల్ సంస్థది అయి ఉండాలి, ఎవరి సొంతదీ కాకూడదు, టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు, ఆన్ చేయాలి, ఎవరైనా మానేసిన రోజే వాళ్ళ యాక్సెస్ తీసేయాలి.

పొరపాట్లు ఎలాగూ జరుగుతాయి. 2011 ఫిబ్రవరిలో అమెరికన్ రెడ్ క్రాస్‌లో పనిచేసే ఒకరు తన సొంత అకౌంట్ అనుకుని సంస్థ ట్విట్టర్‌లో బీరు గురించి ట్వీట్ పెట్టేశారు, రెండు అకౌంట్లూ ఒకే యాప్‌లో ఉండటం వల్ల. రెడ్ క్రాస్ ఆ ట్వీట్ తీసేసి, తీసేశామని దాచకుండా చెప్పి, మేం మత్తులో లేం, బండి తాళాలు లాగేసుకున్నాం అని తేలిగ్గా సర్దిచెప్పింది. జనం నవ్వుకున్నారు, ఆ బీరు కంపెనీ అభిమానులు రెడ్ క్రాస్‌కి విరాళాలు కూడా ఇచ్చారు. అదే ఎవరో హ్యాక్ చేశారని బుకాయించి ఉంటే? ఏం జరిగిందో ఒక వాక్యం, ఏం సరిచేశామో ఒక వాక్యం, చాలు. కాకపోతే తప్పు వల్ల ఎవరికైనా నిజంగా నష్టం జరిగితే అక్కడ తేలిక మాటలు పనికిరావు, ముందు ఆ మనిషికి విడిగా ఫోన్ చేసి క్షమాపణ చెప్పాలి, పోస్టు ఆ తర్వాతే.

ముందుగా షెడ్యూల్ చేసి పెట్టిన పోస్టులతో కూడా ఒక ప్రమాదం ఉంది, ఎక్కడో పెద్ద విషాదం జరిగి అందరూ ఏడుస్తున్న రోజు మన పేజీ నుంచి "హ్యాపీ హ్యాపీ" అని ఒకటి బయటికొస్తుంది. షెడ్యూల్ ఆపడం ఎలాగో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

ఎంత టైమ్, ఏ లెక్క

రోజుకి అరగంట చాలు చిన్న సంస్థకి, అందులో ఇరవై నిమిషాలు జవాబులకి, పది నిమిషాలు కొత్తది రాయడానికి. వారానికి రెండు మంచి పోస్టులు రోజూ ఒక శుభోదయం కంటే వెయ్యి రెట్లు మేలు. బొమ్మలు, పోస్టర్లు చేసుకునే కాన్వా అనే యాప్‌ని ఆ కంపెనీ అర్హత ఉన్న స్వచ్ఛంద సంస్థలకి ఉచితంగా ఇస్తుంది, గూగుల్ అయితే అర్హత ఉన్నవాళ్ళకి నెలకి 10,000 డాలర్ల విలువైన సెర్చ్ యాడ్స్, అంటే గూగుల్‌లో వెతికినప్పుడు కనిపించే ప్రకటనలు, ఇస్తుంది, అప్లై చేసి రూల్స్ పాటించాలి, చాలామందికి ఈ సంగతే తెలియదు.

నెలాఖరున లైకులు లెక్కపెట్టొద్దు. ఈ నెల కొత్తగా ఎంతమంది మొదటిసారి మాట్లాడారు, మనం ఎంతమందికి జవాబు ఇవ్వకుండా వదిలేశాం, ఇన్‌బాక్స్‌లోకి వచ్చినవాళ్ళలో ఎంతమంది నిజంగా పనికి వచ్చారు, ఈ మూడూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏ పోస్టుని జనం సేవ్ చేసుకున్నారో, షేర్ చేశారో పేజీ లెక్కలు చూపించే ఇన్‌సైట్స్‌లో చూడండి, అలాంటివి ఇంకో రెండు రాయండి.

ఏ సంస్థలోనూ లేకపోతే

చివరగా, ఏ సంస్థతోనూ సంబంధం లేకుండా ఊరికే చూస్తూ ఉండే ఆ 90 శాతం మందికి. మీ ఒక్క మాటకి ఉండే విలువ మీకు తెలియట్లేదు. షేర్ చేసేటప్పుడు పైన ఒక్క వాక్యం మీది రాయండి, "మా పక్కింటి అబ్బాయి ఇక్కడే చదువుకున్నాడు" అన్న ముక్క చాలు, పోస్టర్ నమ్మనివాళ్ళు మిమ్మల్ని నమ్ముతారు. రక్తం కావాలి, పాప తప్పిపోయింది లాంటివి ఫార్వర్డ్ చేసే ముందు తేదీ చూడండి, నంబర్‌కి ఫోన్ చేసి ఇంకా అవసరం ఉందా అని అడగండి, అవసరం తీరిపోయి ఏళ్ళయిన మెసేజ్‌లు కూడా తిరుగుతూ ఉంటాయి, ఆ ఇంట్లోవాళ్ళకి ఫోన్లు వస్తూనే ఉంటాయి. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో కట్టడి పెట్టింది ఇలాంటి గోల వల్లే, కరోనా టైమ్‌లో పుకార్లు అంత తిరిగాయి.

ఏం రాయాలో తోచకపోతే మీకు నచ్చిన ఒక సంస్థ పేజీకి వెళ్ళి వాళ్ళ ఆఖరి పోస్టు కింద మీకు నిజంగా తెలియని విషయం ఒకటి అడగండి, పుస్తకాలు ఏ వయసు పిల్లలకి కావాలి, ఆదివారం కూడా తెరిచి ఉంటుందా, ఇలాంటిదే ఏదో ఒకటి. జవాబు వస్తే ఇంకోటి అడగండి. రాకపోతే వాళ్ళ ఇన్‌బాక్స్‌లోకి వెళ్ళి "మీ కామెంట్లకి జవాబులు నేను చూసుకోనా, వారానికి రెండు రోజులు" అని రాయండి.